చిన్న ఊళ్లు, పెద్ద ఆట (6): రైళ్లు మారే ఊరి జట్టు

గత భాగంలో ఐబార్ కథ చెప్పుకున్నాం. తుపాకుల తయారీతో పేరుపడ్డ ఆ బాస్క్ పట్టణం 27 వేల జనాభాతో 2014లో స్పెయిన్ మొదటి డివిజనులో అడుగుపెట్టి, ఏడు సీజన్లు అక్కడే నిలిచింది. ఈసారి అక్కడి నుంచి కొండలు దిగి దక్షిణానికి వద్దాం. వంద కిలోమీటర్లు కూడా రాకముందే ఎబ్రో నది తగులుతుంది. ఆ నది ఒడ్డునే ఉంది మిరాండా దె ఎబ్రో. పరిపాలన లెక్కల్లో ఇది కాస్తీల్ ప్రాంతంలోని బుర్గోస్ రాష్ట్రవిభాగానికి చెందిన ఊరు. కానీ ఒకవైపు పొలిమేర దాటితే బాస్క్ వారి ఆలవా, మరోవైపు ద్రాక్షతోటల లా రియోహా. జనాభా నలభై వేల లోపు.

ఈ ఊరి జట్టు పేరు క్లబ్ దెపోర్తీవో మిరాండెస్. 1927 మే 3న పుట్టింది. పుట్టిన నాటి నుంచి 85 ఏళ్ల పాటు మొదటి డివిజను మాట అటుంచి, రెండో డివిజనులో కూడా అడుగుపెట్టలేదు. కప్పులు లేవు, ప్రపంచం ఎరిగిన ఆటగాళ్లు లేరు. ఇలాంటి క్లబ్బుకు చరిత్ర ఏముంటుందని ఎవరైనా అడగవచ్చు. ఈ ధారావాహిక మొదలుపెట్టినప్పటి నుంచీ నేను రాయాలని ఎదురుచూసిన చరిత్ర మాత్రం ఇదే. మిరాండా ఊరు ఎలా బతికిందో మిరాండెస్ జట్టు కూడా అలాగే బతికింది. వచ్చేవాళ్లను చేర్చుకుంది, వెళ్లేవాళ్లను పంపించింది, తను మాత్రం కదలకుండా ఉండిపోయింది.

ఊరి సంగతి ముందు చూద్దాం. 1860ల దాకా మిరాండా నది మీద వంతెన ఉన్న ఒక మామూలు బజారు ఊరు. ఆ దశకంలో రెండు రైలు మార్గాలు ఇక్కడ కలుసుకున్నాయి. మాడ్రిడ్ నుంచి ఫ్రాన్స్ సరిహద్దులోని ఇరూన్ దాకా వేసిన మార్గం ఒకటి. బిల్బావో రేవు నుంచి ఎబ్రో లోయలోకి దిగిన మార్గం రెండోది. ఈ రెండోదాన్ని కట్టించిన ఇంజనీరు చార్లెస్ విగ్నోల్స్ అనే బ్రిటిష్ వాడు. అప్పటి నుంచి ఉత్తర స్పెయిన్‌లో ఎటు పోవాలన్నా మిరాండాలో రైలు మారక తప్పలేదు. మనకు గుంతకల్లు ఎలాగో స్పెయిన్ వాళ్లకు మిరాండా అలాగ: ఆ పేరు చెబితే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఊరు కాదు, ప్లాట్‌ఫారం. రైల్వే ఉద్యోగాలు వచ్చాయి, వర్క్‌షాపులు వచ్చాయి, ఇతర ప్రాంతాల నుంచి కూలీల కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. 1927లో జట్టు పెట్టుకున్నది ఇలా పెరిగిన ఊరు. ఎర్ర చొక్కా, నల్ల లాగు. ఇప్పటికీ ఊళ్లో జట్టును ప్రేమగా పిలిచేది ‘రోహియ్యోస్’ అనే, అంటే ఎర్ర చొక్కాల వాళ్లని.

క్లబ్బుకు పదేళ్లు నిండిన 1937లో అంతర్యుద్ధం స్పెయిన్‌ను చీలుస్తోంది. ఉత్తరాన తిరుగుబాటు జనరల్ ఫ్రాంకో సేనలు గెలుస్తూ పోయే కొద్దీ పట్టుబడ్డ రిపబ్లిక్ సైనికులను ఉంచడానికి చోటు కావలసి వచ్చింది. రైళ్లలో తేవడం తేలిక, రైళ్లలో పంపడం తేలిక. అందుకే మిరాండాను ఎంచుకున్నారు. పట్టాల పక్కనే ముళ్లకంచె వేసి నిర్బంధ శిబిరం కట్టారు. అంతర్యుద్ధం 1939లో ముగిసినా శిబిరం మూతపడలేదు. ఫ్రాన్స్ హిట్లర్ చేతికి చిక్కాక పిరనీస్ కొండలు దాటి పారిపోయి వచ్చిన వాళ్లంతా ఇక్కడికే చేరారు. డిగోల్ సేనలో చేరాలని బయలుదేరిన ఫ్రెంచి యువకులు, పోలండ్ సైనికులు, బెల్జియం వాళ్లు, విమానాలు కూలి ప్రాణాలతో బయటపడ్డ బ్రిటిష్, కెనడా వైమానికులు, దేశం లేకుండా మిగిలిన యూదులు. ఫ్రాంకో శిబిరాలన్నిటిలోకీ చివరగా, 1947లో గాని మిరాండా శిబిరం తలుపులు మూయలేదు. ఫుట్‌బాల్ వ్యాసంలో ఇదంతా ఎందుకని అనుకోవద్దు. ఆ పదేళ్లు ఊళ్లో ఆదివారం ఆట చూడబోయిన ప్రతి మనిషికీ ఆ ముళ్లకంచె తెలుసు. రైలు ఈ ఊరికి బతుకు ఇచ్చింది, ఈ మచ్చా ఇచ్చింది. ఒకటి చెప్పి రెండోది దాటవేస్తే అది ఊరి చరిత్ర కాదు.

శిబిరం మూసిన మూడేళ్లకు, 1950 జనవరిలో, అందువా మైదానం తెరిచారు. ఇప్పటికీ మిరాండెస్ ఆడేది అక్కడే. ఆ తర్వాతి ఆరు దశాబ్దాలను నేను గబగబా దాటిస్తాను. కింది డివిజన్లలో చుట్టుపక్కల ఊళ్లతో ఆడడం, ఒక మెట్టు ఎక్కడం, మళ్లీ దిగడం. ఆటగాళ్లు పగలంతా ఫ్యాక్టరీలో, రైల్వేలో, బడిలో, దుకాణంలో పనిచేసి సాయంత్రం సాధనకు వచ్చేవాళ్లు. స్పెయిన్‌లో మూడో అంచెకు చాలాకాలం ‘సెగుందా బె’ అని పేరు. 1977లో మొదలైన ఈ అంచె 2021 దాకా సాగింది. అందులో చాలా ఏళ్లు ఎనభై జట్లు, నాలుగు గుంపులు, ఏడాదికి పైకి ఎక్కేది నాలుగే. చాలా ఊళ్ల ఫుట్‌బాల్ ఆశలు ఆ ఇరుకు తలుపు దగ్గరే ఆగిపోయాయి. మిరాండెస్ 2009లో నాలుగో అంచె నుంచి మళ్లీ ఈ మూడో అంచెకు వచ్చింది. అసలు కథ రెండేళ్ల తర్వాత మొదలవుతుంది.

2011 చివరి నెలలు స్పెయిన్‌కు చెడ్డ రోజులు. ఇళ్ల నిర్మాణపు బుడగ పేలి మూడేళ్లయింది. పని దొరకని వాళ్లు ప్రతి నలుగురిలో ఒకరికి దగ్గరపడుతున్నారు. మిరాండా కూడా ఫ్యాక్టరీల ఊరే కనుక దెబ్బ గట్టిగానే తగిలింది. పక్క లోయలోని గరోన్యా అణువిద్యుత్ కేంద్రం భవిష్యత్తు ఏమిటో తేలక, దాని మీద ఆధారపడ్డ కుటుంబాలు ఆందోళనలో ఉన్నాయి. సరిగ్గా అలాంటి సమయంలో కోపా దెల్ రే, అంటే రాజు పేరిట జరిగే జాతీయ కప్పు పోటీ, ఈ ఊరి తలుపు తట్టింది. మొదటి డివిజను నుంచి కింది అంచెల్లోని జట్ల దాకా ఆడే పోటీ అది. చిన్న జట్లకు సాధారణంగా దక్కేది ఒక్కటే: పెద్ద జట్టు ఒకటి ఊరికి వస్తుంది, ఆ రోజు టిక్కెట్లు అమ్ముడవుతాయి, తర్వాత అంతా మామూలే.

మిరాండెస్‌కు తగిలిన మొదటి పెద్ద జట్టు విల్యారియల్. ఆ సీజనులో ఛాంపియన్స్ లీగులో బేయర్న్ మ్యూనిక్, మాంచెస్టర్ సిటీ, నాపోలీలతో ఆడుతున్న జట్టది. అందువాలో 1-1. క్రిస్మస్‌కు ముందు విల్యారియల్ సొంత మైదానంలో మిరాండెస్ 2-0తో గెలిచింది. ఆ వెంటనే విల్యారియల్ కోచ్ హువాన్ కార్లోస్ గార్రీదో ఉద్యోగం పోయింది.

తర్వాత రేసింగ్ సాంతాందేర్. ఆ క్లబ్బు గతి అప్పటికే దయనీయం. 2011 జనవరిలో బహ్రెయిన్ కేంద్రంగా వ్యాపారం చేసే ఒక భారతీయుడు దాన్ని కొన్నాడు. వాగ్దానం చేసిన డబ్బు రాలేదు. ఆ వేసవికల్లా క్లబ్బు దివాలా రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్లింది. మిరాండెస్ సొంతగడ్డ మీద 2-0తో గెలిచి, సాంతాందేర్‌లో 1-1తో గట్టెక్కింది.

క్వార్టర్ ఫైనల్లో ఎస్పాన్యోల్. బార్సిలోనా నగరపు రెండో జట్టు, కోచ్ మౌరీసియో పొచెత్తీనో. మొదటి మ్యాచ్ అక్కడ 3-2తో ఓడిపోయారు. రెండోది 2012 జనవరి 24 రాత్రి, అందువాలో. ముందు గోల్ కొట్టింది ఎస్పాన్యోల్. రెండు మ్యాచ్‌లు కలిపి 4-2. ప్రత్యర్థి మైదానంలో చేసిన గోల్స్‌కు విలువ ఎక్కువ అనే నియమం అప్పుడు ఉంది. దాని లెక్కన మిరాండెస్‌కు ఇంకా రెండు గోల్స్ కావాలి. రెండో అర్ధభాగంలో పాబ్లో ఇన్ఫాంతె ఒకటి కొట్టాడు. తొంభై నిమిషాలూ అయిపోయాయి. అదనంగా కలిపిన నిమిషాల్లో గోలు ముందుకు వచ్చిన బంతిని డిఫెండర్ సేసర్ కానేదా తలతో వలలోకి పంపాడు. 2-1. మొత్తం 4-4. మూడో అంచె జట్టు సెమీఫైనల్‌కు చేరింది. అంతకు పదేళ్ల ముందు, 2002లో, ఫిగెరెస్ అనే కాటలోనియా పట్టణపు జట్టు అలా చేరింది. ఆ తర్వాత మళ్లీ ఇదే.

ఇన్ఫాంతె గురించి ఆగి చెప్పాలి, ఆ ఏడాది స్పెయిన్ పత్రికలన్నీ రాసింది అతని గురించే. వయసు ముప్పై దాటింది. బుర్గోస్ ప్రాంతంలో కిన్‌కోసెస్ దె యూసో అనే పల్లెలో కాహా దె బుర్గోస్ పొదుపు బ్యాంకు శాఖకు మేనేజరు. పొద్దున కౌంటరు వెనక రైతుల ఖాతాలు చూసి, సాయంత్రం కారెక్కి సాధనకు వచ్చేవాడు. మిరాండెస్ నాలుగో అంచెలో ఉన్న రోజుల నుంచీ జట్టులోనే ఉన్నాడు. ఆ కప్పులో 7 గోల్స్ కొట్టి, కోట్లు తీసుకునే ముందువరస ఆటగాళ్ల సరసన గోల్స్ పట్టిక పైభాగంలో నిలిచాడు. బ్యాంకు మేనేజరు గోల్స్ కొట్టాడన్న ముచ్చటతోనే చాలామంది ఆగిపోయారు. అతని బ్యాంకుకు ఏమైందో కూడా చెప్పుకుంటేనే ఆ కాలం అర్థమవుతుంది. స్పెయిన్ ప్రాంతీయ పొదుపు బ్యాంకులు ఇళ్ల రుణాల్లో కూరుకుపోయి ఒక్కొక్కటే కనుమరుగవుతున్న రోజులవి. కాహా దె బుర్గోస్ అప్పటికే మరికొన్నిటితో కలిసి బాంకా సీవికాగా మారింది. 2012లోనే, కప్పు ముగిసిన కొన్ని నెలలకు, దాన్ని కైషా బ్యాంక్ మింగేసింది. ఊళ్లో ఉద్యోగాలు, ఊరి బ్యాంకు, పక్క లోయలో విద్యుత్ కేంద్రం, అన్నీ చేజారుతున్న ఏడాదిలో జట్టొక్కటే పైకి పోతోంది. అందువాలో ఆ చలిరాత్రుల్లో జనం అంతగా అరిచారంటే కారణం అదే.

సెమీఫైనల్లో ఎదురుపడింది అథ్లెటిక్ బిల్బావో. కోచ్ మార్సెలో బియెల్సా. మిరాండా నుంచి రైలెక్కితే నేరుగా వెళ్లగలిగే నగరం, ఊళ్లో చాలామందికి చుట్టరికాలున్న నగరం. కానేదా పెద్దల ఆటలోకి అడుగుపెట్టింది కూడా అథ్లెటిక్‌లోనే. అందువాలో అథ్లెటిక్ ముందు వరస ఆటగాడు ఫెర్నాందో యోరెంతె రెండు గోల్స్ కొట్టాడు, చివర్లో మిరాండెస్ ఒకటి వెనక్కి తెచ్చింది. 1-2. రెండో మ్యాచ్ అథ్లెటిక్ సొంత మైదానం సాన్ మామెస్‌లో 6-2. అథ్లెటిక్ ఫైనల్‌కు వెళ్లి బార్సిలోనా చేతిలో 3-0తో ఓడింది.

నా దృష్టిలో మిరాండెస్ గొప్పతనం ఆ కప్పులో లేదు, ఆ తర్వాతి నాలుగు నెలల్లో ఉంది. కప్పు మత్తులో లీగు చెడగొట్టుకున్న చిన్న జట్లు చాలా ఉన్నాయి. కార్లోస్ పౌసో శిక్షణలోని ఈ జట్టు తన గుంపులో మొదటి స్థానంలో సీజను ముగించింది. పైకి ఎక్కే నిర్ణాయక పోటీలో మయోర్కా ద్వీపపు అట్లెటికో బలియారెస్‌ను దాటింది. 85 ఏళ్లలో మొదటిసారి రెండో డివిజను. అదే వేసవిలో మొదటి డివిజను నుంచి కిందికి జారిన జట్లలో విల్యారియల్ ఉంది, రేసింగ్ సాంతాందేర్ కూడా ఉంది. అంటే కప్పులో ఈ ఊరు ఓడించిన మూడు పెద్ద జట్లలో రెండు 2012-13లో దీనితో సమాన పంక్తిలో కూర్చున్నాయి. ఆ సీజను చివర విల్యారియల్ మళ్లీ పైకి పోయింది. రేసింగ్ మరో మెట్టు దిగి మూడో అంచెకు పడిపోయింది. మిరాండెస్ ఉన్నచోటే ఉంది.

ఎక్కడం ఒక ఎత్తయితే నిలబడడం ఇంకో ఎత్తు. 1990 క్రీడా చట్టం ప్రకారం స్పెయిన్‌లో పై రెండు డివిజన్లలో ఆడే క్లబ్బు సభ్యుల సంఘంగా ఉండడానికి 2022 దాకా వీల్లేకపోయింది, వాటాల కంపెనీగా మారాల్సి వచ్చేది. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, అథ్లెటిక్, ఒసాసునాలకు మాత్రమే మినహాయింపు ఉండేది. ఈ చట్టం వచ్చింది క్లబ్బుల అప్పులను అదుపు చేయడానికి. తలకు మించిన అప్పులు చేసినవి పెద్ద క్లబ్బులు, వాటి కోసం రాసిన నియమాలకు తలొగ్గవలసి వచ్చింది అప్పు చేయని చిన్న క్లబ్బులు. ఐబార్ దగ్గర 17 లక్షల యూరోలకు పైగా అదనపు మూలధనం కావాలని పట్టుబట్టిన సంగతి గత భాగంలో చూశాం. మిరాండెస్ కూడా కంపెనీగా మారింది. ఈ అన్యాయాన్ని స్పెయిన్ చట్టసభ ఇంకా ముందే గుర్తించి ఉండాల్సింది.

అయితే లెక్కలు సరిగా ఉంచుకున్నందుకు ఒకసారి ఫలితం కూడా దక్కింది. 2013-14లో మిరాండెస్ పట్టికలో కిందికి జారే స్థానంలో ముగించింది. మైదానం లెక్కన మూడో అంచెకు పోవాలి. కానీ ఆ సీజనులో నాలుగో స్థానంలో నిలిచి మొదటి డివిజను కోసం పోటీపడ్డ రియల్ ముర్సియాను, ఆర్థిక నియమాలు పాటించలేదని లీగు అధికారులు మూడో అంచెకు దించారు. ఖాళీ అయిన చోటు మిరాండెస్‌కు దక్కింది. దీన్ని అదృష్టం అని రాసినవాళ్లున్నారు. నేనలా రాయను. జీతాలు సమయానికి ఇచ్చి, చేయగలిగినంతే ఖర్చు చేసిన క్లబ్బు తన చోటు తను నిలబెట్టుకుంది.

ఆ తర్వాత 2016లో మొదటి డివిజను జట్టు దెపోర్తీవో లా కొరున్యాను వాళ్ల సొంత మైదానంలో 3-0తో ఓడించి మరోసారి కప్పు క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లారు. 2017లో లీగులో అట్టడుగున నిలిచి మూడో అంచెకు దిగిపోయారు. 2019లో మళ్లీ పైకి వచ్చారు. నిర్ణాయక పోటీలో ఎదురుపడ్డది మళ్లీ అట్లెటికో బలియారెస్సే. ఏడేళ్ల తేడాతో ఒకే జట్టు చేతిలో ఆశలు రెండుసార్లు ఆగిపోవడం పాపం ఆ ద్వీపవాసుల దురదృష్టం.

ఈ రెండో రాకలో క్లబ్బు తీరు మారింది. 2012 జట్టులో ఇన్ఫాంతె లాంటి చుట్టుపక్కల మనుషులు, ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు ఎక్కువ. 2019 తర్వాత మిరాండెస్ ఏటా దాదాపు కొత్త జట్టుతో మొదలవుతోంది. రెండో డివిజనులో అతి తక్కువ ఖర్చు పెట్టగల క్లబ్బుల్లో ఇదొకటి. అందుకని పెద్ద క్లబ్బుల్లో చోటు దొరకని ఇరవై ఏళ్ల కుర్రాళ్లను ఒక్క సీజను కోసం అరువు తెచ్చుకుంటుంది. వాళ్లకు కావలసింది ఆడే అవకాశం, క్లబ్బుకు కావలసింది కాళ్లలో చురుకు. సీజను ముగియగానే కుర్రాళ్లు తమ క్లబ్బులకు వెళ్లిపోతారు, జులైలో మరో బృందం దిగుతుంది. కోచ్‌ల సంగతీ అంతే. ఇలా అయితే ఊరికీ జట్టుకూ ముడి ఎలా నిలుస్తుందన్న ప్రశ్న న్యాయమైనదే. గ్యాలరీలో తాత ముత్తాతల కాలం నుంచి అవే కుటుంబాలు కూర్చుంటున్నాయి, ముడి అక్కడుంది. రైలు దిగినవాడికి వేడి కాఫీ పోసి సాగనంపడం నూటయాభై ఏళ్లుగా తెలిసిన ఊరికి ఏటా కొత్త కుర్రాళ్లను సొంతం చేసుకోవడం కష్టం కాలేదు.

2019-20లో కోచ్‌గా వచ్చినవాడు ఆందోని ఇరావోలా. 2012 సెమీఫైనల్లో మిరాండెస్‌ను ఓడించిన అథ్లెటిక్ బృందంలోని ఆటగాడే. కోచ్‌గా అప్పటికి పెద్ద పేరు లేదు. ఆ ఏడాది కప్పు నియమాలు మార్చారు. సెమీఫైనల్ ముందు దశల్లో ఒక్క మ్యాచే, అదీ కింది అంచె జట్టు మైదానంలో. అందువాకు ముందు సెల్తా వచ్చి ఓడింది. జనవరి చివర సెవియ్యా వచ్చి 3-1తో ఓడింది. ఫిబ్రవరి మొదట్లో విల్యారియల్ వచ్చి 4-2తో ఓడింది. ఒకసారి గెలిస్తే గాలివాటం అనవచ్చు, వరసగా మూడు మొదటి డివిజను జట్లను అలా ఓడించలేరు. పైగా ఆ సెవియ్యా అదే సీజనులో యూరోపా లీగు గెలిచింది. మరుసటి ఏడాది ఆ కప్పు గెలిచింది విల్యారియల్. యూరప్ విజేతలిద్దరినీ వారం తేడాతో ఇంటికి పంపిన మైదానంలో ఆరువేల మందికి కూడా సీట్లు లేవు.

సెమీఫైనల్లో రియల్ సోసియెదాద్ 2-1, 1-0తో గెలిచింది. అందువాలో ఆ రెండో మ్యాచ్ జరిగింది 2020 మార్చి 4న. పది రోజులకు కరోనా వల్ల స్పెయిన్‌లో అత్యవసర స్థితి ప్రకటించారు. ఇరావోలా ఆ వేసవిలో రాయో వయ్యెకానోకు వెళ్లి దాన్ని మొదటి డివిజనుకు ఎక్కించాడు, అక్కడి నుంచి ఇంగ్లండ్‌లో బోర్న్‌మత్‌కు వెళ్లాడు.

ఇక 2024-25. కోచ్ ఇటలీకి చెందిన అలెస్సియో లీసి. అలవేస్ నుంచి అరువొచ్చిన అర్జెంటీనా కుర్రాడు హోవాకిన్ పానికెల్లి ముందు వరసలో, అథ్లెటిక్, సోసియెదాద్ క్లబ్బుల కుర్రాళ్లు అతని వెనక. లీగులో నాలుగో స్థానం. మొదటి డివిజను కోసం జరిగే నిర్ణాయక పోటీల్లో మొదట ఎదురైంది పాత పరిచయం రేసింగ్ సాంతాందేర్. అక్కడ 3-3, అందువాలో 4-1. మిగిలింది ఒక్క జట్టు, ఒవియెదో. జూన్ 15న అందువాలో మిరాండెస్ 1-0తో గెలిచింది. జూన్ 21న ఒవియెదోలో పానికెల్లి గోల్‌తో ఆధిక్యం పెరిగింది కూడా. నలభై ఏళ్ల సాంతి కాసోర్లా పెనాల్టీతో సొంత ప్రాంతపు జట్టును ఆటలోకి తెచ్చాడు. ఆ తర్వాత మరో గోల్, అదనపు సమయంలో ఇంకోటి. 3-1. ఒవియెదో 24 ఏళ్ల తర్వాత మొదటి డివిజనుకు వెళ్లింది. మిరాండెస్ తన 98 ఏళ్ల చరిత్రలో అంత దగ్గరగా ఎన్నడూ పోలేదు.

కొన్ని వారాల్లోనే లీసి ఒసాసునా కోచ్ అయ్యాడు. పానికెల్లి ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్‌కు వెళ్లాడు. అరువు కుర్రాళ్లు తమ క్లబ్బులకు తిరిగి వెళ్లారు. జులైలో క్లబ్బు మళ్లీ కొత్త పేర్లతో జట్టు కట్టడం మొదలుపెట్టింది.

(వచ్చే భాగంలో: 2002లో కప్పు సెమీఫైనల్ చేరిన ఫిగెరెస్)